ఒక్క వలలో ఎన్ని వర్గాలు? గంజాం తీరంలో జంతువుల వర్గీకరణ

సంక్షిప్తంగా: ఒక జంతువు ఏ గుంపుకు చెందుతుందో తేల్చేది అది ఉండే చోటు కాదు, పైకి కనిపించే రూపమూ కాదు. ఒంటి నిర్మాణం, దాని వెనకున్న వంశం ఆ సంగతి తేలుస్తాయి. తెలుగు, ఒడియా పేర్లు కలగలిసిన దక్షిణ ఒడిశా తీరంలో ఈ తేడా రోజూ ఎదురవుతుంది. ఏది చేప, ఏది కాదు అన్న ప్రశ్న పరీక్ష పేపరు దగ్గరే ఆగదు. వల తయారీలోనూ, ఆసుపత్రిలోనూ, వన్యప్రాణి చట్టం జాబితాలోనూ దాని ప్రభావం ఉంది.

గోపాల్‌పూర్ నుంచి రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు దాకా ఉన్న పల్లెల్లో పొద్దున్నే అలివి వల లాగుతారు. ఇసుక మీదికి వచ్చి పడేవాటిలో కవళ్లు, కానాగంతలు అనే చేపలు ఎక్కువ. వాటి మధ్య గుప్పెడు రొయ్యలు, కొన్ని పీతలు, ఒక టేకు చేప, ఒక సొర పిల్ల, స్క్విడ్‌లు, జారిపోయే జెల్లీ ముద్దలు, ఐదు చేతుల తారాచేప, అప్పుడప్పుడు సముద్రపు పాము కూడా ఉంటాయి. ధర పలికేవి బుట్టల్లోకి పోతాయి, మిగిలినవి ఇసుక మీదే ఉండిపోతాయి. వేట చేసేవాళ్లకు వర్గీకరణ అక్కడితో అయిపోతుంది. జంతుశాస్త్రం లెక్కలో మాత్రం ఆ ఒక్క కుప్పలోనే ఐదు వేర్వేరు వర్గాలున్నాయి.

ఈ తీరంలో సముద్రపు వేట మీద బతికేవారిలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువ. ఒడియావాళ్లు వారిని నోలియాలు అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అందుకే ఇక్కడి పిల్లలకు ఒక్కో ప్రాణికి రెండు మూడు పేర్లు వస్తాయి. ఇంట్లో రొయ్య అన్నదే బజారులో చింగుడి మాఛ. మాఛ అంటే చేప. ఇంట్లో తాబేలు, బయట కఇంఛ. బడిలో పాఠం మొదలయ్యాక తెలుగు పుస్తకంలో సకశేరుకాలు, ఒడియా పుస్తకంలో మేరుదండీలు. రెండూ వెన్నెముక ఉన్న జంతువులే. అయితే గందరగోళానికి అసలు కారణం రెండు భాషలు కాదు. ఏ భాషలోనైనా వాడుక పేరు చేసే పని ఒకటి, శాస్త్రం పెట్టిన పేరు చేసే పని మరొకటి.

పేరు ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది

వాడుక పేరు ఉపయోగం చూసి పుడుతుంది. నీటిలో దొరికి కూరకు పనికొచ్చేది చేప, పాకేది పురుగు, ఎగిరేది పిట్ట. పాలసొర అన్న పేరు ఇందుకు మంచి ఉదాహరణ. ఆ సొర పాలివ్వదు. దాని కూర తింటే బాలింతకు పాలు బాగా పడతాయన్న నమ్మకం పేరులోకి చేరింది. పచారీ కొట్లో దొరికే సముద్రపు నురుగు కూడా అంతే. తెల్లగా, తేలికగా, గుల్లగా ఉండే ఆ ముక్క నురుగు గడ్డకడితే వచ్చింది కాదు. కటిల్‌ఫిష్ అనే ప్రాణి ఒంటి లోపల ఉండే సున్నపు పెంకు అది. పంజరంలోని చిలకలకు సున్నం కోసం పెట్టేది దాన్నే.

మన సంప్రదాయంలో పుట్టుకను బట్టి చేసిన విభజన ఉంది. గుడ్డు నుంచి వచ్చేవి అండజాలు, మావితో పుట్టేవి జరాయుజాలు, చెమ్మలో పుట్టేవి స్వేదజాలు, నేలను చీల్చుకుని మొలిచేవి ఉద్భిజ్జాలు. ఒకే లక్షణాన్ని పట్టుకుని మొత్తం ప్రాణికోటిని పంచిన పద్ధతి కాబట్టి గుర్తుపెట్టుకోవడం తేలిక. చిక్కు కూడా అక్కడే ఉంది. రక్తపింజర గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. చాలా సముద్రపు పాములూ అంతే, సొరల్లో అనేక జాతులూ అంతే. ఆస్ట్రేలియాలోని ప్లాటిపస్ గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకు పాలిస్తుంది. పుట్టుక ఒక్కటే కొలత అయితే రక్తపింజర ఆవు పక్కనా, ప్లాటిపస్ కోడి పక్కనా చేరతాయి.

జీవుల వర్గీకరణకు పునాది వేసిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ చేతుల్లోనూ ఈ పొరపాటు జరిగింది. 1735లో తన పట్టిక మొదటిసారి అచ్చువేసినప్పుడు తిమింగలాలను చేపల్లోనే పెట్టాడు. 1758 నాటి పదో కూర్పులో వాటిని బయటికి తీసి, పాలిచ్చే జంతువుల కోసం క్షీరదాలనే తరగతిని ఏర్పరచాడు. అదే కూర్పులో కీటకాల్లో ఇమడని వెన్నెముక లేని ప్రాణులన్నింటినీ పురుగులు అనే ఒకే గదిలో కుక్కేశాడు. నత్త, జలగ, తారాచేప, జెల్లీఫిష్ అన్నీ అందులోవే. ఆ గది సర్దడానికి తర్వాతివారికి వందేళ్లకు పైగా పట్టింది.

వెన్నెముక ఉన్నవి ఎన్ని?

ఇప్పటిదాకా శాస్త్రీయంగా పేరు పెట్టిన జంతు జాతులు సుమారు 15 లక్షలు. వాటిలో దాదాపు 10 లక్షలు కీటకాలే. మొత్తం జంతువులను ముప్పైకి పైగా వర్గాలుగా విడగొడితే, వెన్నెముక ఉన్నవి అందులో కార్డేటా అనే ఒక్క వర్గంలో ఒక భాగం. చేపలు, కప్పలు, పాములు, పక్షులు, మనుషులు అందరినీ కలిపినా పేరున్న జాతుల్లో నూటికి ఐదు దాటవు. పాఠ్యపుస్తకాలు ఆ ఐదింటికి ఐదు అధ్యాయాలిచ్చి మిగిలిన తొంభై అయిదింటినీ ఒకటి రెండు అధ్యాయాల్లో ముగిస్తాయి. జంతువు అనగానే నాలుగు కాళ్లూ తోకా మనసులో మెదలడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

కార్డేటా లక్షణాన్ని పుస్తకం కన్నా వంటగదిలో చూడటం సులువు. రొయ్యలు శుభ్రం చేసేటప్పుడు వీపు మీద చీరి తీసే నల్లటి దారాన్ని నరం అంటారు. నిజానికి అది పేగు. రొయ్య అసలు నరాల తాడు పొట్ట వైపు ఉంటుంది, గుండె వీపు వైపు ఉంటుంది. చేపలో, కోడిలో, మనిషిలో ఇది తలకిందులు. నరాల తాడు వీపు వైపు వెన్నులో, గుండె ముందు వైపు. వీపున నరాల తాడు, దానికి ఊతంగా పిండదశలోనైనా ఉండే నోటోకార్డ్ అనే కడ్డీ, గొంతు దగ్గర చీలికలు, మలద్వారం దాటి సాగే తోక. ఈ నాలుగూ జీవితంలో ఏదో ఒక దశలో ఉంటే అది కార్డేటా. మనిషికి తోక లేదు కదా అంటే, గర్భంలో మొదటి వారాల్లో ఉండి తర్వాత కరిగిపోతుంది.

డాల్ఫిన్: తోక చెప్పే సంగతి

చిలికా సరస్సు దక్షిణపు కొస గంజాం జిల్లాలో ఉంది. ఆ నీళ్లలో ఇరావతి డాల్ఫిన్‌లు నూట యాభై దాకా ఉంటాయని ఇటీవలి లెక్కలు చెబుతున్నాయి. ఒడియా జాలర్లలో దీనికి భుఆసుణి మగర అన్న పేరుంది. ఆ మగర మన మకరమే. పురాణాల్లో మకరం ఏ ప్రాణో తేలనట్టే, ఈ పేరులోనూ చేపా మొసలీ కలిసిపోయాయి.

డాల్ఫిన్‌ను చేప నుంచి వేరుచేసే గుర్తుల్లో దూరం నుంచే కనిపించేది తోక. చేప తోక నిలువుగా ఉండి కుడి ఎడమలకు ఊగుతుంది. డాల్ఫిన్ తోక అడ్డంగా పరుచుకుని పైకీ కిందికీ కొట్టుకుంటుంది. కుక్క వేగంగా పరిగెత్తేటప్పుడు వెన్ను విల్లులా వంగి సాగుతుంది. బల్లి పరిగెత్తేటప్పుడు ఒళ్లు పక్కలకు మెలిక తిరుగుతుంది. చేప నుంచి బల్లిదాకా వచ్చిన పాత కదలిక అది. క్షీరదాల వెన్ను పైకీ కిందికీ వంగడం నేల మీద నేర్చుకున్నది. నేల నుంచి మళ్లీ నీటిలోకి దిగిన వంశం ఆ కదలికనే వెంట తీసుకెళ్లింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్రతి పెద్ద ప్రాణినీ తిమింగలం అనేయడం మామూలు. తోక నిలువుగా ఉంటే అది తిమింగల సొర అయి ఉండవచ్చు. పేరులో తిమింగలం ఉన్నా అది మొప్పలతో ఊపిరి పీల్చే చేప, బతికున్న చేపలన్నింటిలోకీ పెద్దది.

ఆ వంశం నేల మీద ఉన్నప్పటి ఆనవాలు మన దేశంలోనే దొరికింది. జమ్మూలోని కాలాకోట్ దగ్గర భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు సేకరించిన రాళ్లలో జింకపిల్లంత ప్రాణి ఎముకలున్నాయి. 1971లో ఆయన దానికి ఇండోహ్యూస్ అని పేరు పెట్టారు. ఆయన మరణించాక ఆ రాళ్లు అమెరికాలోని శాస్త్రవేత్త థెవిసెన్ బృందం చేతికి చేరాయి. ఒక పుర్రె శుభ్రం చేస్తుండగా పొరపాటున విరిగి, చెవి ఎముక బయటపడింది. దాని ఒక గోడ అసాధారణంగా మందంగా ఉంది. ఆ గుర్తు అంతకుముందు తిమింగలాల్లోనూ డాల్ఫిన్‌లలోనూ తప్ప కనబడలేదు. దాదాపు 4.8 కోట్ల ఏళ్ల నాటి ఆ గిట్టల జంతువు తిమింగలాలకు దగ్గరి చుట్టమని 2007లో ప్రకటించారు. బతికున్నవాటిలో డాల్ఫిన్‌కు దగ్గరి నేల బంధువు నీటి ఏనుగు (హిప్పో). సొర చూడటానికి ఎంత డాల్ఫిన్‌లా ఉన్నా వంశంలో చాలా దూరం. నీటిని చీల్చుకుంటూ వేగంగా ఈదే ఒంటికి ఆ ఆకారమే కుదురుతుంది కాబట్టి రెండూ విడివిడిగా ఒకే రూపానికి వచ్చాయి.

ఇక ఫలితం సంగతి. చేప వలలో చిక్కితే మొప్పలు నీటిలోనే ఉంటాయి కాబట్టి వెంటనే ఊపిరాడక చావదు. డాల్ఫిన్‌కు ఊపిరితిత్తులు. నెత్తి మీది ముక్కు రంధ్రం కొద్ది నిమిషాలకొకసారి గాలిలోకి రావాలి. నీటిలో తెరలా నిలబెట్టే గిల్ నెట్‌లో చిక్కుకున్న డాల్ఫిన్ నీళ్లలో ఉండగానే నీట మునిగి చచ్చిపోతుంది.

తాబేలు: గుడ్డు కట్టిన ముడి

రుషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు మూకుమ్మడిగా గుడ్లు పెట్టేది సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్లు ఇక్కడ గుడ్లు పెట్టాయని అటవీ శాఖ లెక్క. కొన్ని ఏళ్లు అసలు మూకగా రావు. జీవితమంతా సముద్రంలో గడిపే ప్రాణి ఇంత కష్టపడి ఇసుక మీదికి పాకడం ఎందుకన్న ప్రశ్నకు జవాబు గుడ్డులోనే ఉంది.

కప్ప గుడ్డుకు పెంకు లేదు, నీటిలో లేకపోతే ఎండిపోతుంది. సరీసృపాల గుడ్డులో పిండం చుట్టూ నీటి సంచి, ఆహారపు సంచి, మలినాల సంచి, వీటన్నింటినీ చుట్టి గాలి మార్చుకునే పొర ఏర్పడ్డాయి. దానిపైన పెంకు. చెరువును వెంట మోసుకెళ్లే ఏర్పాటు ఇది. దీనివల్లే వెన్నెముక జీవులు నీటి ఒడ్డు వదిలి ఎడారుల దాకా పోగలిగాయి. అయితే ఆ గుడ్డు గాలి పీల్చాలి. నీటిలో పెడితే లోపలి పిండం ఊపిరాడక చస్తుంది. కోట్ల ఏళ్ల కిందట సముద్రంలోకి తిరిగి వెళ్లిన తాబేలు తన ఒంటిని తెడ్డులుగా మార్చుకుంది గానీ గుడ్డును మార్చుకోలేకపోయింది. చాలా సముద్రపు పాములు గుడ్లను ఒంట్లోనే ఉంచుకుని పిల్లల్ని కని ఆ ముడి విప్పుకున్నాయి. తాబేళ్లలో ఒక్క జాతీ ఆ దారి పట్టలేదు.

ఒక్కో తాబేలు నూరు, నూటపది గుడ్లు పెట్టి ఇసుక కప్పి వెళ్లిపోతుంది. 45 నుంచి 55 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. వాటిలో ఆడా మగా తేల్చేది ఇసుక వేడి. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి వస్తాయి, అంతకు మించితే ఆడవి పెరుగుతాయి, తగ్గితే మగవి. క్షీరదాల్లోనూ పక్షుల్లోనూ ఈ పని క్రోమోజోములది. ఎండలు ముదిరే కొద్దీ తీరంలో మగ పిల్లలు తగ్గుతాయన్న ఆందోళనకు ఆధారం ఇదే.

తాబేలు డొప్ప గురించి ఒక మాట. అది ఒంటి మీద తొడుక్కున్న చిప్ప కాదు. పక్కటెముకలు వెడల్పై, వెన్నుతో కలిసి, పైన కొమ్ముపొర కప్పుకున్న అస్థిపంజరం అది. అందుకే తాబేలు డొప్పను విడవలేదు. ఆ డొప్ప మీద తరచుగా తెల్లని చిన్న గుల్లలు అంటుకుని కనిపిస్తాయి. చూస్తే ఆల్చిప్పల చుట్టాలనిపిస్తాయి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. 1830లో వాటి పిల్లదశను గమనించాక గాని బార్నకిల్ అనే ఆ ప్రాణి రొయ్య కుటుంబానికి చెందినదని తేలలేదు. పిల్లదశలో కాళ్లాడిస్తూ ఈదుతుంది, ఓ చోట తల అంటించుకుని పెంకు కట్టుకుని ఇక కదలదు. డార్విన్ ఈ ఒక్క గుంపు మీద ఎనిమిదేళ్లు పనిచేశాడు.

తాబేలుకూ ఊపిరితిత్తులే కాబట్టి మరపడవల లాగుడు వలల్లో చిక్కితే డాల్ఫిన్ గతే పడుతుంది. దీనికి విరుగుడుగా వల మెడలో ఏటవాలుగా కడ్డీల చట్రం బిగించే పద్ధతి ఉంది. రొయ్యలు, చేపలు కడ్డీల సందులోంచి లోపలికి పోతాయి. తాబేలు కడ్డీలకు తగిలి పైనో కిందో ఉన్న తలుపులోంచి బయటపడుతుంది. ఇలాంటి చట్రం లేని వలల్లో పట్టిన సముద్రపు రొయ్యలను కొనబోమని అమెరికా 1989లో చట్టం చేసింది. దాని మీద భారత్ సహా నాలుగు ఆసియా దేశాల ఫిర్యాదు 1998లో ప్రపంచ వాణిజ్య సంస్థ తీర్పుదాకా వెళ్లింది. ఒక సరీసృపపు ఊపిరి, ఒక రొయ్య ఎగుమతి ధర అలా ఒకే కాగితం మీదికొచ్చాయి. ఒడిశాలో ధామ్రా, దేవి, రుషికుల్య ముఖద్వారాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఏడు నెలలంటే వేట మీదే ఆధారపడిన ఇంటికి చిన్న కాలం కాదు.

రొయ్య, పీత, బొద్దింక

కాళ్లకు కీళ్లు, ఒంటిపైన కైటిన్ అనే పదార్థంతో గట్టి తొడుగు, ఒళ్లు ముక్కలు ముక్కలుగా ఉండటం ఆర్థ్రోపోడా వర్గం గుర్తులు. తొడుగు పెరగదు, లోపలి ఒళ్లు పెరుగుతుంది. అందుకే ఎప్పటికప్పుడు పాతది విడిచి కొత్తది కట్టుకోవాలి. ఆ మధ్య గంటల్లో పీత మెత్తగా ఉంటుంది. రొయ్యల చెరువుల్లో పెంకు విడిచినవాటిని తోటి రొయ్యలే తినేసే బెడద అప్పుడే.

పాత పట్టికల్లో రొయ్యలు, పీతలు ఒక తరగతి, కీటకాలు మరో తరగతి. డీఎన్ఏ పోలికలు ఈ గోడను కూల్చాయి. కీటకాలు రొయ్య జాతుల మధ్య నుంచే చీలి నేలమీదికొచ్చిన కొమ్మ అని ఇప్పుడు లెక్క. బొద్దింకను నేల మీది రొయ్య అంటే కూర తినేవారికి నచ్చకపోవచ్చు గానీ వైద్యులకు ఇది కొత్త కాదు. రొయ్య తింటే దద్దుర్లు, ఆయాసం వచ్చేవారిలో కొందరికి బొద్దింకల రజను, పరుపుల దుమ్ములో ఉండే డస్ట్ మైట్ అనే అతి చిన్న పురుగులూ పడవు. ట్రోపోమయోసిన్ అనే కండర ప్రొటీన్ ఈ మూడింటిలో దాదాపు ఒకేలా ఉండటం ప్రధాన కారణం. చేప పడనివారికి రొయ్య పడవచ్చు, రొయ్య పడనివారికి చేప పడవచ్చు. సముద్రపు తిండి అంటూ రెండింటినీ ఒక గాటన కడితే వైద్యంలో పొరపాటు జరుగుతుంది.

బాలేశ్వర్ వైపు తీరంలో కనిపించే గుర్రపు నాడా పీత అసలు పీతే కాదు. దానికి మీసాలు లేవు, నోటి ముందు చిన్న కొండ్లున్నాయి. అది తేళ్లకు, సాలీళ్లకు చుట్టం. దాని నీలి రక్తంలోని కణాలు బ్యాక్టీరియా విషం తగలగానే గడ్డకడతాయి. ఇంజెక్షన్ మందులు శుభ్రంగా ఉన్నాయో లేదో పరీక్షించడానికి దశాబ్దాలుగా దాన్నే వాడుతున్నారు.

ఎముక లేనివాటిలో మనకెవరు దగ్గర?

స్క్విడ్, కటిల్‌ఫిష్, ఆల్చిప్ప, నత్త అన్నీ మొలస్కా వర్గం. మెత్తని ఒళ్లు, దాన్ని కప్పే మాంటిల్ అనే పొర, ఆ పొర కట్టే సున్నపు గుల్ల దీని గుర్తులు. నత్తలో గుల్ల బయట, కటిల్‌ఫిష్‌లో లోపల, ఆక్టోపస్‌లో దాదాపు మాయం. జెల్లీఫిష్ వేరే వర్గం. దానికి మెదడు లేదు, నోరూ మలద్వారమూ ఒకటే రంధ్రం. చర్మంలోని కుట్టే కణాలు ముట్టుకోగానే పేలతాయి. ప్రాణి చచ్చినా అవి పేలగలవు కాబట్టి ఇసుక మీద ఎండుతున్న జెల్లీనీ తాకకూడదు.

తారాచేప సంగతి ఆసక్తికరం. పొలుసుల్లేవు, రెక్కల్లేవు, మొప్పల్లేవు, తలే లేదు. చేతుల కింద వందల గొట్టపు కాళ్లుంటాయి. ఒంట్లోకి పీల్చిన సముద్రపు నీటి ఒత్తిడితో అవి సాగి ముడుచుకుంటూ కదులుతాయి. ఇకైనోడర్మేటా అనే ఈ వర్గంలో ఏడు వేల దాకా జాతులున్నాయి. ఒక్కటీ మంచినీటిలో లేదు, నేల మీద లేదు. పిండం ఎదిగే తీరు చూస్తే అసలు విషయం బయటపడుతుంది. మొదట ఏర్పడే రంధ్రం రొయ్యల్లో, నత్తల్లో సాధారణంగా నోటి వైపుకు చేరుతుంది. తారాచేపలోనూ మనిషిలోనూ అది మలద్వారం వైపుకు పోతుంది, నోరు తర్వాత తెరుచుకుంటుంది. డీఎన్ఏ కూడా ఇదే చెబుతోంది. కళ్లు, కాళ్లు, చురుకైన కదలిక ఉన్న రొయ్య కన్నా తల లేని తారాచేపే మనకు దగ్గరి బంధువు.

కొండ వైపు రెండు చిక్కులు

తీరం వదిలి గజపతి, రాయగడ కొండల్లోకి వెళితే గందరగోళం రూపు మారుతుంది. అలుగుకు ఒళ్లంతా పొలుసులు. ముడుచుకుంటే బంతి. పొలుసులు చూసి పాముల, బల్లుల పక్కన చేర్చేవారున్నారు. కానీ అది పిల్లలకు పాలిచ్చే క్షీరదం. ఆ పొలుసుల పదార్థం కెరాటిన్, మన గోళ్లలో ఉండేదే. వాటి కోసం అలుగును వేటాడేవారు చివరికి చేతికి తీసుకునేది గోటి పదార్థాన్నే.

రెండోది సిసీలియన్. తడి మట్టిలో దొరికే, కాళ్లు లేని, ఒంటిపై వలయాలున్న ప్రాణి. చూసినవారు వానపాము అంటారు, కాస్త పెద్దదైతే పాముపిల్ల అని చంపేస్తారు. రెండూ కాదు. దవడలు, పళ్లు, వెన్నెముక ఉన్న ఉభయచరం. కప్పకు చుట్టం. తూర్పు కనుమల్లో ఒడిశా, ఆంధ్ర కొండల నుంచి గెగెనియోఫిస్ ఓరియెంటాలిస్ అనే జాతిని 2013లో వర్ణించారు. ఇంతకాలం ఎవరి కంటా పడలేదని కాదు. చూసినవాళ్లు వేరే పేరుతో పిలిచి ఉంటారు.

ఐదు తరగతులు నిలుస్తాయా?

చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు అన్న ఐదు గదులు బడిలో ఇప్పటికీ ఉన్నాయి. 1950లో జర్మనీ శాస్త్రవేత్త హెనిగ్ ప్రతిపాదించిన పద్ధతి వీటిలో రెండింటిని ప్రశ్నించింది. ఒక గుంపు సహజమైనది కావాలంటే ఒక మూలపురుషుడూ, అతని సంతానమంతా అందులో ఉండాలి, ఎవరినీ వదలకూడదు. ఈ కొలతకు పక్షులు, క్షీరదాలు నిలుస్తాయి. చేపలు నిలవవు. ఊపిరితిత్తుల చేపకు పండుగప్ప కన్నా ఆవే దగ్గరి చుట్టం. సొర ఆ రెండింటికీ దూరం. 40 కోట్ల ఏళ్లకు పైగా కిందటే విడిపోయిన కొమ్మ అది. దాని అస్థిపంజరం మృదులాస్థి. సొర పుట్టుకు మాంసం అంత తేలిగ్గా విడివడటం అందుకే.

సరీసృపాలూ నిలవవు. ఒడిశాలోని భితరకనిక మడ అడవుల్లో ఉండే మొసలి బల్లిలా కనిపిస్తుంది. కానీ దాని గుండెకు పక్షి గుండెలాగే నాలుగు గదులు. వంశంలో మొసలికి బల్లి కన్నా చిలికాకు చలికాలంలో వచ్చే బాతే దగ్గర. పక్షులను కలుపుకోకపోతే సరీసృపాలనే గుంపుకు అర్థం లేదు. తాబేలు కూడా డీఎన్ఏ ప్రకారం బల్లుల కన్నా మొసలి, పక్షుల వైపే ఒరిగింది.

మరి పాత గదులు ఎందుకు తీసేయలేదు? గుర్తుపట్టడానికి అవి పనికొస్తాయి. పాలు, వెంట్రుకలు, ఈకలు, తడి చర్మం కంటికి కనిపిస్తాయి, వంశం కనిపించదు. అయితే కనిపించే గుర్తు అన్నిచోట్లా దొరకదు. మహారాష్ట్ర సరిహద్దులో తెలుగు వినిపించే సిరోంచ వైపు, ప్రాణహిత ఒడ్డున కోట గ్రామం పేరు మీద ఒక శిలా పొర ఉంది. జురాసిక్ కాలపు ఆ రాళ్లలో చేపలు, భారీ డైనోసార్లు, కొన్ని అతి చిన్న పళ్లు దొరికాయి. ఆ పళ్లలో ఒకదాన్ని తొలి క్షీరదాలదని గుర్తించి 1981లో కోటాథీరియం అని పేరు పెట్టారు. పాలు రాయిగా మిగలవు, వెంట్రుకలూ అరుదే. దవడ పన్ను మీది గుబ్బల అమరికే అక్కడ క్షీరద లక్షణం.

చట్టం దగ్గరికొచ్చేసరికి

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో జంతువు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో క్షీరదాలు, పక్షులు, సరీసృపాలు, ఉభయచరాలు, చేపలు, వెన్నెముక లేనివి అన్నీ ఉన్నాయి. వాటి పిల్లలు, గుడ్లు కూడా ఉన్నాయి. అంటే ఇసుకలోంచి తీసిన తాబేలు గుడ్డూ చట్టం దృష్టిలో జంతువే. కానీ రక్షణ గుంపు పేరు మీద కాదు, ఎక్కువగా జాతి పేరు మీద వస్తుంది. గుంపు పేరుతో ఇస్తే ఏమవుతుందో 2001లో కనిపించింది. ఆ ఏడాది తిమింగల సొరతో మొదలుపెట్టి, తర్వాత సొరలు, టేకుల తరగతి మొత్తాన్నీ అన్నింటికన్నా ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో పెట్టారు. వాటి మీద బతికే జాలర్ల నుంచి అభ్యంతరాలొచ్చాక డిసెంబరులో దాన్ని పది జాతులకు కుదించారు. అలా మిగిలినవాటిలో రంపపు చేపలున్నాయి. ముక్కు రంపంలా సాగి సొరలా కనిపించినా అవి టేకుల వైపు కొమ్మ.

జాతి పేరే ముఖ్యమైనప్పుడు గుర్తుపట్టే బాధ్యత ఎవరిదన్న చిక్కు వస్తుంది. పడవలో ఉన్నవారికి తోక, రెక్క, మొప్పల చీలికలు కనిపిస్తాయి. ఎండుచేపల సంతకొచ్చేసరికి తల ఉండదు, తోక ఉండదు, ఉప్పు పట్టిన పలకలే ఉంటాయి. అక్కడ పాఠ్యపుస్తకం చెప్పిన లక్షణాల్లో ఒక్కటీ పనికిరాదు. ప్రయోగశాలలు ఆ పలక నుంచి చిన్న ముక్క తీసి, దాదాపు అన్ని జంతువుల్లోనూ ఉండే ఒకే జన్యువులో సుమారు 650 అక్షరాల భాగాన్ని చదివి, తెలిసిన జాతుల పట్టికతో పోలుస్తాయి. 2003 నుంచి డీఎన్ఏ బార్‌కోడ్ పేరుతో వాడుకలోకొచ్చిన పద్ధతి ఇది. కేసు నిలబడేదీ వీగిపోయేదీ చాలాసార్లు ఆ 650 అక్షరాల మీదే.